రెండో గిటార్ కాస్త వింతదై ఉండాలనుకునేవారికి: నాలుగు వాయిద్యాల పోలిక

ఇంట్లో ఇప్పటికే ఒక మామూలు ఆరు తీగల ఎలక్ట్రిక్ గిటార్ ఉండి, రెండోది కొనేటప్పుడు అందరి దగ్గరా కనిపించేది కాకుండా వింతైనదేదైనా తెచ్చుకోవాలని చూసేవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను. గడచిన పద్నాలుగు నెలల్లో నేను అలాంటివి నాలుగు కొన్నాను: డానెలెక్ట్రో నమూనాలో అట్టచెక్కతో చేసినది ఒకటి, తల లేనిది ఒకటి, పన్నెండు తీగలది ఒకటి, మామూలు గిటార్ కన్నా కింది శ్రుతిలో పలికే బారిటోన్ ఒకటి. నేను వృత్తి కళాకారుణ్ణి కాను. రాత్రి భోజనాలయ్యాక గంటన్నర సాధన చేయడం, ఆదివారాలు మా మేనమామగారు పాడుతుంటే పక్కన కూర్చొని వాయించడం, ఇంతే నా సంగీతం. ఉండేది విశాఖపట్నంలో, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లో. అందువల్ల తీగలకు పట్టే తుప్పు గురించి మాత్రం కావలసినదానికన్నా ఎక్కువే తెలుసు, ఈ పోలికలో ఆ అనుభవం అక్కడక్కడా తొంగిచూస్తుంది.

నాలుగింటినీ మార్చి మార్చి వాయించాక నాకు అర్థమైనది ఏమిటంటే, గిటార్‌లోని వింత చెక్కలోనైనా ఉంటుంది, తీగల్లోనైనా ఉంటుంది. ఆకారం, పికప్‌ల (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్టల) తీరు, తల ఉండటం లేకపోవడం వంటివి మొదటి రకం. తీగల సంఖ్య, మందం, నిడివి, శ్రుతి మారితే అది రెండో రకం. మొదటి రకం గిటార్ మీద మీ వేళ్లకు తెలిసిన విద్య అంతా ఉన్నదున్నట్టు పనికొస్తుంది కాబట్టి కొన్న రోజు నుంచే హాయిగా వాయించవచ్చు. కాకపోతే నెల తిరిగేసరికి పాత గిటార్ మీద వాయించినవే దీనిమీదా వాయిస్తున్నామన్న సంగతి బయటపడుతుంది. రెండో రకం మొదటి రెండు వారాలు చేతిని ఏడిపిస్తుంది గాని, ఆ తర్వాత పాత గిటార్ మీద తట్టని పనులు చేయిస్తుంది. అందువల్ల కొనేముందు ధ్వని ఎలా ఉంటుందని అడగడానికి ముందు, దీనికి ఏ తీగలు వేయాలి, అవి నాకు ఎక్కడ దొరుకుతాయి అని అడగడం మేలు. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే మీరు కొనబోయేది ఏ రకానిదో కూడా తెలిసిపోతుంది.

చెక్కలో వింత ఉన్నవాటిలో డానెలెక్ట్రో కథ ముచ్చటైనది. నేథన్ డేనియల్ అనే ఆయన 1947లో న్యూజెర్సీలో స్థాపించిన ఈ సంస్థ 1954 నుంచి గిటార్లు చేసింది. వాటిలో చాలా భాగం సియర్స్ అనే దుకాణాల సంస్థ కేటలాగు ద్వారా సిల్వర్‌టోన్ అనే పేరుతో అమెరికా ఇళ్లకు చేరాయి. గట్టి చెక్క దిమ్మెను కోసి చేయడానికి బదులు, చవక చెక్కతో చట్రం కట్టి, ముందూ వెనుకా మేసొనైట్ అనే అదిమిన అట్టచెక్క బిగించారు. పికప్‌ల తీగచుట్టలను లిప్‌స్టిక్ గొట్టాల్లో పెట్టి మూశారు. లిప్‌స్టిక్ పికప్ అన్న పేరు పోలికతో వచ్చింది కాదు, తొలినాళ్లలో వాడినవి నిజంగా ఆ గొట్టాలే. 1962లో గిటార్ పెట్టెలోనే యాంప్లిఫయర్ అమర్చి అమ్మిన బుద్ధి కూడా వీరిదే. పొదుపు కోసం చేసిన ఈ పనులన్నీ కలిసి ఒక ప్రత్యేకమైన నాదాన్ని ఇచ్చాయి. లోపల బోలుగా ఉండటం వల్ల చేతిలో దూదిలా తేలిగ్గా ఉంటుంది. స్వరం గలగలమని మొదలై తొందరగా సన్నబడుతుంది. రెండు పికప్‌లను కలిపినప్పుడు చాలా గిటార్లలో అవి సమాంతరంగా కలుస్తాయి గాని, ఇందులో వరుసగా కలుస్తాయి. దానివల్ల మీట మధ్యకు తిప్పగానే శబ్దం ఒక్కసారిగా పెరిగి చిక్కనవుతుంది. నాకు ఈ గిటార్‌లో అన్నిటికన్నా నచ్చినది ఆ మధ్య స్థానమే. లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బృందం వేదికల మీద దాని గిటారిస్టు జిమ్మీ పేజ్ మారుశ్రుతుల కోసం డానెలెక్ట్రోను వాడటం వల్ల ఇది చవకబారు వస్తువన్న పేరు పోయి, ఆ పాత గిటార్లకు గిరాకీ పెరిగింది.

ఇబ్బందులూ ఉన్నాయి. పాత నమూనాలను అనుసరించిన వాటిలో బ్రిడ్జి (పెట్టె మీద తీగలు ఆనే చోటు) మీద ఆరు తీగలకూ కలిపి ఒకే రోజ్‌వుడ్ పట్టీ ఉంటుంది కాబట్టి ఒక్కో తీగ నిడివిని విడిగా సరిదిద్దలేము. పన్నెండో ఫ్రెట్ (దండి మీది లోహపు మెట్టు) దాటాక కొద్దిపాటి అపశ్రుతికి చెవి అలవాటు పడాలి. రెండోది రొద. ఇవి ఒంటిచుట్ట పికప్‌లు కనుక ఇంట్లోని కరెంటు రొదనంతా పట్టుకుంటాయి. నా గదిలో మొదటి రాత్రి వినిపించిన ఝుంకారానికి గిటార్ పాడైందనుకొని దాని వెనుక పలక విప్పబోయాను. చివరకు గోడకున్న పాతకాలపు తిప్పుడు ఫ్యాన్ రెగ్యులేటర్ కారణమని తేలింది. ఫ్యాను మూడు మీద ఉన్నప్పుడు రొద, పూర్తి వేగానికి తిప్పితే సగానికి తగ్గుదల, ఆపేస్తే దాదాపు నిశ్శబ్దం. మే నెలలో ఫ్యాను ఆపి సాధన చేయడం అయ్యే పని కాదు కాబట్టి మెట్లమెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ వేయించాను. పనిలో పనిగా గోడ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాను; ఎలక్ట్రిక్ గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి కనుక, రెండు పిన్నుల ప్లగ్గుతో నెట్టుకురావడం ప్రాణానికే ముప్పు.

తల లేని గిటార్ వింత కూడా చెక్కలోనిదే, అయితే అది అలంకారం కోసం పుట్టినది కాదు. నెడ్ స్టైన్‌బర్గర్ 1980ల ఆరంభంలో గ్రాఫైట్, ఎపాక్సీ కలిపి పోతపోసిన బాస్ గిటార్‌తో ఈ తరహాకు ప్రాచుర్యం తెచ్చాడు. 1987లో ఆ సంస్థను గిబ్సన్ కొనుక్కుంది. బిరడలను తల మీద నుంచి తీసి బ్రిడ్జి దగ్గరికి మార్చడం వల్ల దండి కిందికి వాలిపోవడం ఆగింది, వాయిద్యం పొట్టిదైంది, తీగ మేరువు (దండి పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) దాటాక వదులుగా మిగిలే పోగు లేకపోవడం వల్ల శ్రుతి నిలకడ పెరిగింది. స్టైన్‌బర్గర్ బిరడ నలభై చుట్లు తిప్పితే గాని ఒక చుట్టు పని చేయనంత నెమ్మదిగా కదులుతుంది; శ్రుతి చేసేటప్పుడు వేలికి తగిలే ఆ నిదానం, రేడియోలో స్టేషను పట్టుకునే పాత మరను గుర్తుచేస్తుంది. రైల్లో పై బెర్తు మీద తల పక్కన పెట్టుకొని పడుకోగలిగిన ఎలక్ట్రిక్ గిటార్ నాకు ఇదొక్కటే దొరికింది. తరచూ ఊళ్లు తిరిగేవారు, ఒంటిగది అద్దె ఇళ్లలో ఉండేవారు మిగతా పేరాలు చదవకుండా దీన్నే కొనుక్కోవచ్చు.

వారు కూడా తీగల సంగతి మాత్రం అడిగి తెలుసుకోవాలి. అసలు స్టైన్‌బర్గర్ పద్ధతిలో తీగకు రెండు కొసలా గుండు ఉండాలి. మామూలు తీగకు ఒక కొసనే ఉంటుంది. నా గిటార్ మీద రెండో తీగ తెగిన రోజున ఊళ్లో తెలిసిన దుకాణాలన్నీ తిరిగినా రెండు గుళ్ల తీగ దొరకలేదు. తెప్పించుకోవడానికి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ అయిదు తీగలతోనే వాయించాను. మామూలు తీగలు బిగించుకోవడానికి చిన్న అడాప్టర్లు ఉన్నాయని తర్వాత తెలిసింది. ఇప్పుడు వస్తున్న తలలేని గిటార్లలో చాలావాటికి మేరువు దగ్గర మర బిగించి సాదా తీగనే పట్టించే ఏర్పాటు ఉంటోంది. కొత్తగా కొనేవారు అది ఉన్నదే చూసుకోవడం మంచిది. ధ్వని విషయంలో చెప్పుకోదగ్గ వింత ఏమీ లేదు, మామూలు మంచి గిటార్ ఎలా పలుకుతుందో ఇదీ అలాగే పలుకుతుంది.

ఇక తీగల్లో వింత ఉన్నవాటికి వద్దాం. పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది రికెన్‌బాకర్ 360/12; 1964 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అది బీటిల్స్ బృందపు గిటారిస్టు జార్జ్ హారిసన్ చేతికి అందాక ఆ మోత ప్రపంచమంతా వినిపించింది. తీగలు జంటలుగా ఉంటాయి: ఎత్తు శ్రుతిలో ఉండే పై రెండు జంటల్లో రెండు తీగలదీ ఒకే స్వరం, కింది నాలుగు జంటల్లో ఒకటి మంద్రం, ఒకటి దానికి ఒక స్థాయి పైన. చాలా పన్నెండు తీగల గిటార్లలో పిక్ కిందికి కదిలినప్పుడు ముందు సన్నతీగ తగులుతుంది. రికెన్‌బాకర్‌లో వరుస తిరగవేసి ముందు లావుతీగ తగిలేలా పెట్టారు, ఆ గిటార్ గంటలా మోగినా పునాది స్వరం గట్టిగా వినిపించడానికి ఇదొక కారణం. దండి మాత్రం ఇరుకు, పన్నెండు తీగలూ సుమారు 41 మిల్లీమీటర్ల మేరువు మీద సర్దుకోవాలి. లావు వేళ్లవారికి అది నరకం.

ఆరు తీగలకు 10 నుంచి 46 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) వేస్తే దండి మీద పడే లాగుడు దాదాపు 47 కిలోలు; పన్నెండు తీగలకు అది 90 కిలోల చుట్టూ ఉంటుంది. నేను కొన్నది మధ్యస్థ ధరలోనిది. దాని మేరువులో మూడో జంట గాడి సరిగా కోయకపోవడం వల్ల శ్రుతి చేసిన ప్రతిసారీ తీగ టిక్కుమని జారేది, బాగుచేయించుకోక తప్పలేదు. ఆ మూడో జంటలోని సన్నతీగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొత్తం వాయిద్యంలో అన్నిటికన్నా ఎత్తు శ్రుతి మొదటి తీగది కాదు, దీనిది. అంగుళంలో వెయ్యింట ఎనిమిదో తొమ్మిదో వంతుల మందమే ఉన్న ఆ ఉక్కు పోగును మొదటి తీగకన్నా మూడు స్వరస్థానాలు పైకి బిగించాలి, అందుకే అది ఏ కాస్త తుప్పు పట్టినా ముందుగా తెగుతుంది. మా ఇంటి గాలిలో నేను దాన్ని అయిదు వారాలకు మించి కాపాడలేకపోయాను. సెట్టుతో పాటు ఆ ఒక్క తీగ విడిగా నాలుగు తెచ్చిపెట్టుకోవడం నేర్చుకున్నాను.

అయితే మన రాగాలు వాయించాలనుకునేవారు ఈ గిటార్ జోలికి వెళ్లకపోవడానికి తీగ తెగడం కన్నా పెద్ద కారణం వేరే ఉంది. గమకం కోసం తీగను పక్కకు లాగినప్పుడు కింది నాలుగు జంటల్లో ఒక్కో జంటలోని రెండు తీగలూ ఒకే దూరం జరుగుతాయి గాని, వాటి మందం, లోపలి ఉక్కు పోగు వేరువేరు కాబట్టి స్వరం ఒకే మేరకు పెరగదు. లాగుడు మొదలవగానే రెండూ విడిపోయి, కాంభోజిలో నిషాదం రెండుగా చీలినట్టు వినిపిస్తుంది. ఈ చిక్కు కొత్తది కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి తెచ్చుకున్నప్పుడు నాలుగు జంటల ఎనిమిది తీగలను వదిలి, అయిదు ఒంటితీగలు పెట్టుకున్నారు. స్వరం నిలబడటానికి ఎలక్ట్రిక్ వాయిద్యాన్నే ఎంచుకున్నారు. జంటతీగ వద్దు, నాదం నిలవాలి అనే ఆ రెండు నిర్ణయాలూ కొనబోయేవారికి ఈనాటికీ సరిగ్గా పనికొచ్చే కొలబద్దలు. పన్నెండు తీగల గిటార్ కార్డులు (కొన్ని స్వరాల కలయికలు) మోగించడానికి, పాట వెనుక గలగలలు పరచడానికి పుట్టినది. ఆ పనికి దానికి సాటి లేదు, మరో పనికి అది రాదు.

బారిటోన్ గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను, ఎందుకంటే నాలుగింటిలో నన్ను మార్చినది ఇదే. మామూలు గిటార్‌లో తీగ నిడివి 25.5 అంగుళాలో 24.75 అంగుళాలో ఉంటుంది. నా బారిటోన్‌ది 27 అంగుళాలు. మామూలు గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలికితే, ఇది అయిదు స్వరస్థానాలు దిగి 62 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఉన్న గిటార్‌నే వదులు చేసుకొని ఈ శ్రుతికి దించుకోవచ్చు కదా అని నేనూ మొదట అనుకున్నాను. లెక్క ఒప్పుకోలేదు. అదే తీగను అంత కిందికి దించితే బిగువు 56 శాతానికి పడిపోయి, తీగ ఫ్రెట్ల మీద బట్టలారేసిన తాడులా ఊగుతుంది. నిడివి 27 అంగుళాలకు పెంచితే బిగువు మళ్లీ 12 శాతం పెరుగుతుంది గాని అదొక్కటే చాలదు, మందం కూడా పెరగాలి. మామూలు సెట్టులో 46 ఉన్న చోట 62 గాని 68 గాని వేయవలసి వస్తుంది. అంటే బారిటోన్ కొనడమంటే పొడవైన దండితో పాటు ఒక ప్రత్యేకమైన తీగల సెట్టుకు కట్టుబడటం.

మా మేనమామగారు ఒకటో శ్రుతిలో పాడతారు. మామూలు గిటార్ మీద ఆయన మంద్ర పంచమం వరకూ నేను వెంట వెళ్లగలిగేవాణ్ణి, ఇంకా దిగి గాంధారం దగ్గర దారి ముగిసిపోయేది. ఆయన మంద్ర షడ్జం మీద ఆగితే నేను ఒక స్థాయి పైన షడ్జం వాయించి సర్దుకునేవాణ్ణి. బారిటోన్ మీద ఆ మంద్ర షడ్జం కింది తీగ మొదటి ఫ్రెట్ దగ్గర ఉంది. తెచ్చిన వారం ఆయన తోడి ఆలపిస్తూ కిందికి దిగి ఆగినప్పుడు నేనూ అక్కడే ఆగాను. ఆయన కళ్లు తెరిచి గిటార్ వైపు చూసి, మళ్లీ మూసుకున్నారు. మెచ్చుకోలు మాటగా ఆయన ఏమీ అనలేదు, ఆ ఆలాపన మాత్రం ఇంకో పది నిమిషాలు సాగింది.

గమకం సంగతి కూడా చెప్పాలి. లావు తీగలను పక్కకు లాగడం కష్టమే; పై రెండు తీగల మీద ఒక స్వరం మేరకు లాగగలను, కింది వాటిమీద జారుడే గతి. మొదటి ఫ్రెట్ వెడల్పు 36 మిల్లీమీటర్ల నుంచి 38.5కి పెరుగుతుంది, వినడానికి ఇది చిన్న తేడాయే గాని, నాలుగు ఫ్రెట్లు చాచి పట్టే కార్డులో అది చిటికెన వేలికి తెలుస్తుంది. కింది తీగల మీద దగ్గరి స్వరాలతో కార్డులు పట్టితే బురద తొక్కినట్టు ఉంటుంది, విడివిడిగా మీటాలి.

ఈ దారిలో ఇంకా కిందికి వెళ్లాలనుకునేవారికి ఫెండర్ బాస్ సిక్స్ నమూనా ఉంది. డానెలెక్ట్రో 1956లోనే ఆరు తీగల బాస్ తెచ్చింది. ఫెండర్ 1961లో 30 అంగుళాల నిడివితో తనది తెచ్చి 1975 వరకూ చేసింది. ఇది గిటార్ శ్రుతికి సరిగ్గా ఒక స్థాయి కింద, 41 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలలో పెద్ద నిలువు బాస్ వాయించే స్వరాలనే దీనిమీద అరచేత్తో అదిమి టిక్‌టిక్‌మని జతచేసేవారు. స్నేహితుడొకరి దగ్గర మూడు వారాలు అరువు తెచ్చుకొని చూశాను. బాస్ వాయించేవారికి తీగలు మరీ దగ్గరగా ఉన్నాయనిపిస్తుంది, గిటార్ వాయించేవారికి తీగలు మరీ లావనిపిస్తుంది. 84 మందం ఉన్న కింది తీగ 30 అంగుళాల నిడివిలో వదులుగా ఉంటుంది కనుక కొందరు 95 వేసుకుంటారు. పైగా ఎనిమిది అంగుళాల స్పీకరున్న చిన్న ప్రాక్టీసు యాంప్‌లో ఆ 41 హెర్ట్జ్ నాదం అసలు వినపడదు, పెంచితే స్పీకరు గరగరలాడుతుంది. బాస్ యాంప్ కూడా కొనే ఉద్దేశం లేనివారు దీన్ని వదిలేయడం మంచిది. బారిటోన్‌కు ఆ బెడద లేదు, నా పది అంగుళాల స్పీకరు దాన్ని బాగానే మోస్తోంది.

నేను కొనకుండా వదిలిన రెండింటి గురించి ఒక మాట. ఫ్రెట్లు లేని ఎలక్ట్రిక్ గిటార్ గమకాలకు స్వర్గమని అనిపిస్తుంది గాని, తీగను లోహపు ఫ్రెట్‌కు బదులు వేలి మెత్తదనం ఆపుతుంది కాబట్టి నాదం చప్పున చల్లారుతుంది. వీణ మీద లాగుడుతో వచ్చే నిలకడ అందులో రాదు. 1967లో కోరల్ పేరుతో వచ్చిన ఎలక్ట్రిక్ సితార్ మరో ఆకర్షణ. వెడల్పాటి బ్రిడ్జి మీద తీగ రాసుకోవడం వల్ల పుట్టే ఆ జుమ్మనే నాదం, తంబురా తీగ కింద నూలుపోగు సర్దినప్పుడు విచ్చుకునే నాదాన్ని దూరం నుంచి పోలి ఉంటుంది. అసలు సిసలు సితార్, తంబురా వింటూ పెరిగిన చెవికి అది రెండో పాటకే విసుగు తెప్పిస్తుందని నా అభిప్రాయం.

ఒక్కటే కొనగలిగే స్థితిలో ఉంటే నేను బారిటోన్ కొంటాను. మీ దగ్గరున్నది బరువైన గిటార్ అయి, వీపునొప్పి మీ సమస్య అయితే డానెలెక్ట్రో తరహాది తీసుకోండి. బృందంలో ఇంకో గిటార్ వాయించేవారు ఉండి, మీది కార్డుల పని అయితే పన్నెండు తీగలది మీ ఇద్దరినీ వేరుచేసి వినిపిస్తుంది. ఒంటరిగా వాయించేవారు దాని శ్రుతి చేసుకోవడంలోనే సాయంత్రాలు గడుపుతారు. నా పన్నెండు తీగల గిటార్ ఇప్పుడు చర్చి బృందంలో వాయించే ఒక కుర్రాడి దగ్గర ఉంది, అక్కడ అది నా దగ్గరకన్నా సుఖంగా ఉంది.

కొనే రోజున చూసుకోవలసినవి కొన్ని. పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటినప్పుడు వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటిన స్వరమూ ప్రతి తీగ మీదా ఒకటే అవుతున్నాయో లేదో ట్యూనర్ పెట్టి చూడండి. బారిటోన్ కింది తీగ మీద ఈ పరీక్షను రెండుసార్లు చేయండి. మేరువు గాళ్లు ఆ తీగల మందానికే కోసినవో కాదో అడగండి. ఒక సెట్టు అదనపు తీగలు అదే బిల్లులో వేయించుకోండి. బారిటోన్ కొనేవారు సంచి కూడా దుకాణంలోనే పెట్టి చూసుకోవాలి. మామూలు గిటార్ సంచిలో నాది జిప్పు దగ్గర నాలుగు వేళ్ల మేర బయటికే ఉండిపోయింది, వానాకాలం మధ్యలో ఆ నాలుగు వేళ్లనూ పాలిథీన్ కవరు చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.